మస్కట్ నుంచి వచ్చిన వేలిముద్ర

2002వ సంవత్సరం, జూలై నెల రెండో గురువారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా ఊరి ఎలిమెంటరీ స్కూలు ఆవరణలో గ్రామసభ మొదలైంది. తీర్మానాల పుస్తకంలో పది గంటలకని ఉండేది. అది తప్పు. మైకు పలకలేదు, ఆ ఇరవై నిమిషాలూ మైకు సెట్టు చిట్టిబాబు దాన్ని తడుతూనే ఉన్నాడు. అదే పుస్తకంలో సభకు సగం ఊరు హాజరైందని కూడా ఉండేది. అదీ తప్పే. ఆ రెండో తప్పు ఎవరిదో నాకు బాగా తెలుసు, చేసింది నేనే కాబట్టి.

ఊరి కార్యకర్తలుగా మన పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు కొందరు, "ఆంటీ, మీ అనుభవాలు రాసివ్వండి, ట్రైనింగులో చదువుకుంటాం" అన్నారు. నేను రాసింది ట్రైనింగులో చదవనివ్వరమ్మా అన్నాను. అయినా రాస్తున్నాను. ఎన్ని సంఘాలు పెట్టించానో, ఎవరెవరు శాలువాలు కప్పారో ఇందులో ఉండదు. శాలువాలు రెండొచ్చాయి, ఒకటి ఎలకలు కొట్టేశాయి. ఎలకల సంగతి ముందుముందు వస్తుంది.

అక్షరాలొచ్చిన కొత్తలో

ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా నాకు చదవడం రాదు. మాది ద్రాక్షారామానికి నాలుగు మైళ్లలో ఊరు, ఆ ఊరికి బయట పేట. పన్నెండో ఏట నుంచి ఊడ్పులు, కలుపులు, కోతలు. తొంభైల్లో పెద్దవాళ్లకి చదువు చెప్పాలని సర్కారు ఊపందుకున్నప్పుడు మా పేట చర్చిలో మధ్యాహ్నం బడి పెట్టారు. చదువు మీద ప్రేమతో వెళ్లానని చెబితే మీకు బాగుంటుంది. చర్చిలో ఫ్యాను ఉంది, అందుకని వెళ్లాను.

అక్షరాలొచ్చాక ఆరు నెలలు నా పక్కన ఎవరూ నిలవలేకపోయారు. గోడ మీద ఏది కనపడినా పైకి చదివేసేదాన్ని. ఒకసారి రామచంద్రపురం బస్సులో కిటికీ పక్కన కూర్చుని మొలల వైద్యం ప్రకటన మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివాను, డాక్టరు గారు ఏ రోజుల్లో దొరుకుతారో కూడా. పక్క సీటు పెద్దాయన లేచి వెనక్కి పోయి కూర్చున్నాడు.

పేదరికం తగ్గించే ప్రాజెక్టు మా మండలానికి వచ్చినప్పుడు ఊరికొక కార్యకర్త కావాలన్నారు. పేటలో ఉండే ఆడమనిషి, చదవడం రాయడం వచ్చినది, నోరున్నది. మొదటి రెండూ ఉన్నవాళ్లు ఇంకా ఇద్దరు ఉన్నారు. మూడోది చూసి నన్ను తీసుకున్నారు.

మేక బొమ్మ

రాజమండ్రిలో ట్రైనింగు. ఐదు రోజులు మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి బంతి విసురుకోమన్నారు. బంతి ఎవరి దగ్గరికొస్తే వాళ్లు తమ గురించి చెప్పాలి. కళ్లు మూసుకుని పక్కవాళ్ల మీదికి వాలమన్నారు, నమ్మకం పెరుగుతుందట. నా పక్కన ఉన్నావిడ నాలో సగం ఉంది, నేను వాలితే నమ్మకం కాదు నడుం పోతుందని వాలలేదు. ఇంకో రోజు, పేదరికం అంటే మీకు తోచిన బొమ్మ వెయ్యండి అన్నారు. నేను మేకను వేశాను. సార్లు అందరూ చుట్టూ చేరి చాలా లోతుగా ఉంది, దీని మీద చర్చించాలి అన్నారు. గంటసేపు చర్చించారు. నాకు గియ్యడం వచ్చింది మేక ఒక్కటే.

నవ్వుతున్నాను గానీ ఆ ఐదు రోజుల్లో ఒక్కటి పనికొచ్చేది నేర్పారు. ఊళ్లో పేదవాళ్లెవరో ఆఫీసులో కూర్చుని రాయకూడదు, ఊరివాళ్లే నేల మీద ముగ్గుతో ఊరిపటం వేసి ఇల్లిల్లూ చూసుకుని తేల్చుకోవాలి, ఆ లిస్టు గ్రామసభలో అందరి ముందూ చదవాలి, అభ్యంతరాలు మూడుసార్లు అడగాలి. మంచి పద్ధతి. దాన్ని పాడు చెయ్యాలంటే మనలాంటివాళ్లు కావాలి.

మా పైన మండల కోఆర్డినేటరు కామేశ్వరరావు గారు. వేరే శాఖలో ముప్పై ఏళ్లు చేసి మా నెత్తిన పడ్డారు. ఇస్త్రీ మడత చెదరదు, నోట్లో కిళ్లీ కదలదు, ప్రతి మాటా "రూలు ఏమంటోందంటే" అని మొదలవుతుంది. ఆయన చెడ్డవాడు కాదు. అలాగని మంచి చెయ్యాలని తనంతట తాను లేచే మనిషీ కాదు. ఇలాంటి బాసు దొరికితే దిగులు పడకండి. రూలు మీరే ముందు చదివి, మీకు కావలసిన వైపుకి తిప్పి ఆయన ముందు పెట్టండి. ఈ తెలివి నాకు ఆలస్యంగా వచ్చింది.

ముగ్గుపటం

సభకు పదిహేను రోజుల ముందు స్కూలు ఆవరణలో పటం వేశాం. పటం నేర్పడానికి హైదరాబాదు నుంచి అనిత అనే అమ్మాయి వచ్చింది, ఇరవై రెండేళ్లుంటాయి. ఆడవాళ్లు వరసగా వచ్చి తెల్ల ముగ్గుతో వీధులు వేశారు, ఎవరి ఇల్లు వాళ్లు గళ్లు గీసుకున్నారు. నిరుపేదల గడిలో ఎర్రరంగు. పడమటి అంచున నీలం పొడితో మురుగుకాలవ వేసి, చేతులు దులుపుకున్నాను.

అనిత నీలం గీత అవతల ఖాళీ చూపించి, "అటువైపు ఏముందండి?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. గట్టు" అన్నాను.

గట్టు మీద ఆరు గుడిసెలున్నాయి. పొలాల్లో ఎలకలు పట్టేవాళ్లవి. వెదురు బుట్టలు మట్టిలో పాతి ఎలకల్ని పట్టి రైతుకి చూపించి కూలి తీసుకుంటారు. మా పుట్టుక ముందు నుంచీ అక్కడే ఉన్నారు. సింగమ్మ, ఆమె మొగుడు పోలయ్య నాకు పేరుపేరునా తెలుసు. మేం పనిచేసే చేలో ఎలక పడితే కబురు పెట్టేది వాళ్లకే. కాలవ మీద తాటిదుంగ ఒకటే దారి, ఆ దుంగ దాటి వాళ్లు స్కూలు ఆవరణలోకి రారు. ఎవరూ రావద్దనరు, ఎవరూ రమ్మనరు.

ఎందుకలా అన్నానో నిజం చెప్పాలి. మరిచిపోలేదు. వాళ్లకి ఇంటి నంబరు లేదు, నంబరు లేకపోతే ఫారంలో ఒక గడి ఖాళీ ఉంటుంది, ఖాళీ ఉంటే కామేశ్వరరావు గారు ఫారం వెనక్కి కొడతారు. అది ఒకటి. మా పేటలో ప్రతి ఇంటికీ ఎర్రరంగు పడాలని, లిస్టు మరీ పొడుగైతే పైవాళ్లు మావాళ్లనే కొట్టేస్తారని భయం. అది రెండు. మూడోది వెంటనే ఒప్పుకోలేకపోయాను. ఊళ్లోవాళ్లు మా పేటని ఎలా చూస్తారో నేను గట్టుని అలాగే చూశాను. నా ముందు ఒకళ్లు వంగి నిలబడితే కొంచెం పొడుగున్నట్టు ఉంటుంది. బంతి విసురుకున్నప్పుడు ఈ సంగతి ఎవరూ అడగలేదు.

సభ

ఊడ్పుల రోజుల్లో గురువారం పొద్దున్న గ్రామసభ పెట్టారు. పేటంతా నారుమడుల్లో ఉంది. కుర్చీలు చాలా వేశారు, జనం లేరు. సర్పంచి వెంకటలక్ష్మి గారి తరఫున ఆవిడ భర్త వెంకన్న గారు వచ్చి ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. అది మా ఊళ్లో మామూలే. పొద్దున్న సింగమ్మ తాటిదుంగ అవతలి నుంచి, మేమూ రావాలా అమ్మా అని అడిగితే, మైకులో వినపడుద్దిలే, అక్కడే ఉండండి అన్నాను. వాళ్లు ఆరిళ్లవాళ్లూ గట్టు మీద వరసగా నిలబడ్డారు. ఆ రోజు సభకు మనస్ఫూర్తిగా వచ్చింది వాళ్లే.

లిస్టు చదివింది నేను. నా జీవితంలో మైకులో చదవడం అదే మొదటిసారి. ఒక్క పేరు దగ్గరా తడబడలేదు. చదువుతుంటే నా గొంతు స్కూలు గోడకి తగిలి తిరిగొచ్చి నాకే వినపడింది, మహా బాగుంది. చదవడం అయ్యాక కామేశ్వరరావు గారు అభ్యంతరాలున్నాయా అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ కాకులు అరిచాయి. అయిపోయిందన్నారు.

మైకు విప్పుతుండగా సింగమ్మ దుంగ దాటి వచ్చింది. ఆవరణ అంచున ఆగింది.

"మా పేర్లు సదవలేదేటమ్మా?" అంది.

తిట్టలేదు, అరవలేదు. చదవడంలో ఏదో జారిపోయిందేమో అన్నట్టే అడిగింది. నేను తప్పు చేశానమ్మా అనడానికి ఒక్క మాట చాలు.

"ఇంకో కాయితం ఉంది. అందులో ఉన్నాయి మీ పేర్లు. తరవాత చదువుతాం" అన్నాను.

"ఆయ్" అని దుంగ ఎక్కి వెళ్లిపోయింది.

ఇంకో కాయితం లేదు.

అంతటితో ఆగితే కొంత నయం. పంచాయతీ సెక్రటరీ సుబ్బారావు గారు పుస్తకం నా చేతిలో పెట్టి, కోరం చాల్లేదు రత్నమ్మా, పేటలో తిప్పి సంతకాలు చేయించుకురా అన్నారు. పేటలో ఎవరున్నారు, కోళ్లు తప్ప. మా అరుగు మీద కూర్చుని ఓటర్ల లిస్టు చూసి పేర్లు రాశాను. పేర్ల ఎదురుగా వేలిముద్రలు పెట్టాను. నాకు సంతకం వచ్చాక నా బొటనవేలికి పని లేకుండా పోయింది, ఆ మధ్యాహ్నం దానికి మళ్లీ పని తగిలింది. అన్నీ ఒకేలా ఉంటే బాగుండదని చూపుడు వేలు, నడిమి వేలు, ఎడమ చెయ్యి కూడా వాడాను. పది వేళ్లూ అయ్యాక కాళ్ల వంక చూసుకున్నాను. ఆ ఊపులో సత్యవతికి కూడా వేశాను. ఇళ్లల్లో పని చెయ్యడానికి సత్యవతి మస్కట్ వెళ్లి అప్పటికి ఏడాది.

రెండో కాయితం

ఆ తరవాత ప్రతి గురువారం సింగమ్మ మా ఇంటికొచ్చేది. అరుగు ఎక్కేది కాదు. కింద నిలబడి, "రెండో కాయితం వచ్చిందేటమ్మా?" అనేది. వస్తుందిలే అనేదాన్ని. ఆయ్ అని వెళ్లిపోయేది. ఇలా నాలుగు గురువారాలు.

ఐదో వారం కాలవల శాఖవాళ్లు వచ్చి మురుగుకాలవ గట్టు మీద ఎర్రరంగు గుర్తులు పెట్టారు. కోతలయ్యాక పొక్లెయిన్ వస్తుందనీ, గట్టు వెడల్పు చేస్తారనీ, దాని మీద ఉన్నవాళ్లలో నిరుపేదల లిస్టులో పేరుంటే ఇళ్లస్థలం ఇస్తారనీ, లేకపోతే ఆక్రమణ కింద లేపేస్తారనీ తెలిసింది. అంతవరకూ నాది అబద్ధం. ఇక మీదట ఆరు గుడిసెలు.

కామేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లి, గట్టు ఇళ్లు లిస్టులో లేవని సింగమ్మ అడిగిన సంగతి చెప్పాను. ఆయన కిళ్లీ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చారు.

"సభలో అభ్యంతరం చెప్పాల్సింది. మూడుసార్లు అడిగాను కదా."

"నాతో చెప్పిందండి, మైకు తీసేశాక."

"రూలు ఏమంటోందంటే, హాజరు పుస్తకంలో ఆవిడ లేదు. రాని మనిషి అభ్యంతరం ఎలా చెబుతుంది?"

"మరి సత్యవతి వచ్చిందాండి?"

"ఏ సత్యవతి?"

"చివరి పేజీలో ఉంది చూడండి, వేలిముద్రతో సహా. మనిషి మస్కట్‌లో ఉంది."

ఆయన పుస్తకం తీసి చూశారు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశారు. "ఇది ఎవరి వేలు?" అన్నారు.

"నాదేనండి. ఆ పేజీలో ఉన్నవన్నీ నావే."

లేచి బయటికెళ్లి కిళ్లీ ఉమ్మి వచ్చారు. ఆయన ఆఫీసు టైములో ఉమ్మడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

"ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"ఊడ్పులు మర్చిపోలేదండి."

పేజీ కిందిదాకా వేలితో చూసుకుంటూ వెళ్లారు. కింద ఆయన సంతకం కూడా ఉంది మరి. చివరికి, దొంగముద్రలని రాస్తే అందరం పోతాం, కోరం లేదు కాబట్టి సభ చెల్లలేదని రాద్దాం, చెల్లని సభకు మళ్లీ సభ పెట్టాలి, రూలు అదే అంటోంది అన్నారు. ఆ మనిషి నోట ఆ రూలు అంత తియ్యగా ఎప్పుడూ వినపడలేదు. కానీ సభ చెల్లకపోతే లిస్టు మొత్తం చెల్లదు, మా పేటవాళ్ల పేర్లు కూడా. చెల్లకపోవడానికి కారణం ఊరి ముందు నేనే చెప్పాలి. అది ఆయన షరతు.

గట్టు మీద

రెండో సభ ఆదివారం చర్చి అయ్యాక పెట్టించాను. గట్టు మీద పెట్టాలన్నాను. గట్టు మీద కుర్చీలు నిలబడవని వెంకన్న గారన్నారు. మనం నిలబడదామండి అన్నాను. పేట మొత్తం వచ్చింది. తాటిదుంగ మీద ఒక్కొక్కళ్లూ దాటారు. కామేశ్వరరావు గారు చెప్పులు చేత్తో పట్టుకుని సగం దాకా బాగానే వచ్చారు, తరవాత ఒక కాలు కాలవలోకి పోయింది. ఇస్త్రీ ప్యాంటు మోకాలిదాకా నల్లగా అయ్యింది. పోలయ్య చెయ్యిచ్చి లాగాడు. ఆయన ఎలకల బుట్ట ఒకటి బోర్లించుకుని కూర్చున్నారు. ఆ క్షణం నుంచి ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

అంతా చెప్పాను. నీలం గీత, వేలిముద్రలు, మస్కట్ అన్నీ. మా పక్కింటి మరియమ్మ, మొదటి సభకు వచ్చిన మా పేటవాళ్లిద్దరిలో ఒకతె, లేచి నిలబడింది.

"ఊడ్పుల్లో ఉన్న నా చెల్లెలి వేలు పెట్టడానికి నువ్వెవత్తివే? చేలోకొచ్చి పిలిస్తే అదే వచ్చి పెట్టేది కదా. మా పేర్లు కూడా నీటిలో కలిపేశావు."

ఇంకా చాలా అంది, రాయను. నేను తలొంచుకుని పడ్డాను. తిట్టి తిట్టి ఆయాసం వచ్చి ఆగి, పుస్తకం వైపు చెయ్యి చూపించింది.

"ముందు ఈ ఆరిళ్లూ రాయి. తరవాత నీ సంగతి చూస్తాను."

రాశాను. ఇంటి నంబరు గడిలో ఏం రాయాలని అడిగితే, కామేశ్వరరావు గారు బుట్ట మీద నుంచే, "గట్టు అని రాయి" అన్నారు. తరవాత పేట పేర్లూ మళ్లీ చదివాను. ఆ రోజు పుస్తకంలో ఉన్న ప్రతి వేలిముద్రా ఆ పేరు గలవాళ్ల వేలిదే.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది, అయితే మీరు పనిలో దిగేవాళ్లు. నన్ను మూడు నెలలు పక్కన పెట్టారు, మరియమ్మ ఏడాది మాట్లాడలేదు. ఇళ్లస్థలాలు మా పేట పక్కన చూపిస్తే, ఎలకలోళ్లని మా పక్కన వద్దని మా పేటవాళ్లే వెళ్లి చెప్పారు. నేను అరిచి గోలచేసినా గట్టువాళ్లకి ఊరి ఆ చివర పల్లపు ముక్క ఇచ్చారు. వానాకాలం అక్కడ ఇప్పటికీ నీళ్లు నిలుస్తాయి. మనం చేసే పని ఇలాగే ఉంటుంది. సగం పని జరిగితే దాన్ని సగమనే రాయండి. మొత్తమని రాస్తే మిగతా సగం ఇక ఎవడూ చెయ్యడు.

గుడిసె విప్పి కొత్త స్థలంలో వేసుకుంటున్నప్పుడు వెళ్లాను. సింగమ్మ తాటాకు కడుతోంది. పని ఆపకుండానే, "రెండో కాయితం దొరికిందేటమ్మా?" అంది.

"అది లేదు సింగమ్మా. ఆ రోజు అబద్ధం చెప్పాను."

"తెల్సు. సదివినంతసేపూ నీ సేతిలో ఉంది ఒకటే కాయితం. ఎలక కన్నం కాడ కూకునేదాన్ని, లోపల ఉందో లేదో నాకు తెలవదా?"

"తెలిసీ ప్రతి గురువారం ఎందుకొచ్చావు మరి?"

"నాకు రాయడం రాదు గదా. వచ్చినోళ్ల కాడికే రావాల" అంది. తాటాకు అంచు పట్టుకోమని నాకిచ్చింది. పట్టుకున్నాను.

సత్యవతి మస్కట్ నుంచి వచ్చాక తను హాజరైన సభలో ఏం తీర్మానించారో చెప్పమని ఊరంతా వినేలా అడిగింది. నేను రిటైరైన రోజున కూడా అదే అడిగి నవ్వించింది.

తీర్మానాల పుస్తకం చెదలు పట్టి ఎప్పుడో పోయింది. నాకు అక్షరాలొచ్చి ఇన్నేళ్లయింది కాబట్టి, ఆ పుస్తకంలో సరిగ్గా రాయని పేజీ ఒకటి ఇక్కడ రాసి పెడుతున్నాను.

2002 జూలై రెండో గురువారం, పదీ ఇరవైకి మొదలైన గ్రామసభకు నిజంగా హాజరైనవారు. కాలవకు ఇవతల: కోఆర్డినేటరు కామేశ్వరరావు గారు, పంచాయతీ సెక్రటరీ సుబ్బారావు గారు, సర్పంచి గారి భర్త వెంకన్న గారు, మైకు చిట్టిబాబు, మా పేట నుంచి మరియమ్మ, దుర్గ, లిస్టు చదివిన నేను, రత్నం. కాలవకు అవతల, గట్టు మీద, సభ మొదలు నుంచి చివరిదాకా నిలబడి: ముసలి చెంచయ్య, అంకమ్మ, ఆమె చంకలో బిడ్డ, ఏసోబు, లచ్చమ్మ, బంగారయ్య, అతని తల్లి మంగ, పోలయ్య, సింగమ్మ.